వెయ్యేళ్ల రాతి సిలువను చదవడం ఎలా: మొనాస్టర్‌బాయిస్ సమాధుల తోటలో ఒక పూట

డబ్లిన్ నుంచి ఎం1 రోడ్డు మీద ఉత్తరంగా సుమారు 55 కిలోమీటర్లు వెళ్తే, డ్రోహెడా దాటాక, లౌత్ కౌంటీలో మొనాస్టర్‌బాయిస్ వస్తుంది. చుట్టూ పొలాలు. మధ్యలో చిన్న ప్రహరీ. లోపల సమాధులు, పైకప్పు పోయిన రెండు చర్చిలు, ఒక ఎత్తైన గుండ్రటి రాతి బురుజు, మూడు రాతి సిలువలు. వాటిలో మురెదాక్ సిలువ అనేదాన్నే ఇక్కడ ఎక్కువగా చదవబోతున్నాం. 521లో కన్నుమూసిన సెయింట్ బూయిటె స్థాపించిన మఠం ఇది. మఠం పోయింది, సిలువలు మిగిలాయి.

నేను మొదటిసారి వెళ్లింది ఒక మబ్బు రోజున. సిలువ నిండా బొమ్మలున్నాయని తెలుస్తోంది గానీ ఏది ఎవరో తెలియలేదు. పది నిమిషాలు చూసి వచ్చేశాను. మళ్లీ ఒక జనవరిలో, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక వెళ్లాను. ఎండ పక్కనుంచి పడుతోంది. అదే రాయి, అవే బొమ్మలు. కానీ ఈసారి ముక్కులు, గడ్డాలు, బట్టల అంచులు, కత్తి పట్టుకున్న చెయ్యి, అన్నీ లేచి నిలబడ్డాయి. ఇలాంటి రాయి దగ్గర మన చేతికి పని లేదనీ, పనంతా వెలుతురుదేననీ ఆ రోజు అర్థమైంది. ఐర్లాండ్‌లోనో వేల్స్‌లోనో ఉంటూ, వారాంతంలో ఇలాంటి చోటికి వెళ్లాలనుకునే తెలుగువాళ్లకి ఉపయోగపడుతుందని, నేను నేర్చుకున్న పద్ధతిని ఒక వరుసలో పెడుతున్నాను.

1. ముందు సూర్యుణ్ణి చూసుకోండి, తరువాత మీ తీరిక చూసుకోండి

ఈ సిలువల్లో ముఖ్యమైన బొమ్మలు రెండు వెడల్పు ముఖాల మీద ఉంటాయి. ఒకటి తూర్పు వైపు, ఇంకొకటి పడమర వైపు. తూర్పు ముఖం చూడాలంటే పొద్దున్నే వెళ్లాలని అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ పొద్దున ఎండ ఆ ముఖానికి సూటిగా తగులుతుంది. నీడలు పడవు. నీడ లేనిచోట అరిగిపోయిన చెక్కడం కనపడదు.

మనకు కావలసింది రాతిని ఒరుసుకుంటూ పోయే ఏటవాలు వెలుతురు. సూర్యుడు సరిగ్గా దక్షిణానికి వచ్చే వేళకు కిరణాలు తూర్పు, పడమర ముఖాలకు సమాంతరంగా ఉంటాయి. దానికి కాస్త ముందు తూర్పు ముఖం, కాస్త తరువాత పడమర ముఖం బాగా కనపడతాయి. ఈ ప్రాంతంలో సూర్యుడు దక్షిణానికి వచ్చేది గడియారంలో పన్నెండుకు కాదు. చలికాలంలో పన్నెండున్నర ప్రాంతంలో, వేసవిలో గడియారం గంట ముందుకు జరుపుతారు కాబట్టి ఒంటిగంటన్నర ప్రాంతంలో. కాబట్టి వేసవిలో వెళ్తే పన్నెండు ముప్పావుకల్లా తూర్పు ముఖం ముందు ఉండండి. రెండుంపావుకి పడమర వైపు రండి.

కాలాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. డిసెంబరు చివర్లో ఇక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతానికి 13 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. జూన్‌లో అయితే 60 డిగ్రీలు. చలికాలపు ఎండ అడ్డంగా వస్తుంది కాబట్టి నిలువు గీతలు తేలతాయి. వేసవి ఎండ పైనుంచి జారుతుంది కాబట్టి అడ్డగీతలు, గడుల అంచులు తేలతాయి. కుదిరితే రెండు కాలాల్లోనూ వెళ్లండి.

మబ్బుగా ఉన్న రోజూ దండగేం కాదు. దాని పని వేరే ఉంది, ఫొటోల దగ్గర చెప్తాను.

2. సంచిలో ఏం ఉండాలి

ఒక బలమైన టార్చిలైటు. పెద్ద నల్ల గొడుగు. నోటుబుక్కు, పెన్సిలు (పెన్ను వాన తగిలితే పాకిపోతుంది). ఫోను, వీలైతే దానికో స్టాండు. చిన్న స్కేలు. వానకోటు, తడిగడ్డిలో నడవడానికి పనికొచ్చే బూట్లు. దూరంగా పైన ఉన్న బొమ్మలకు బైనాక్యులర్స్ ఉంటే చాలా మేలు. మురెదాక్ సిలువ ఎత్తు సుమారు 5.5 మీటర్లు, పక్కన ఉన్న పొడుగు సిలువ ఇంకా ఎత్తు.

సుద్దముక్క, పిండి, బ్రష్షు, నీళ్ల సీసా, పెద్ద కాగితం, మైనపు పెన్సిళ్లు ఇంట్లో వదిలేయండి. ఎందుకో తరువాత చెప్తాను.

3. సమాధుల మధ్య ఎలా నడవాలి

చుట్టూ ఉన్నవి సమాధులు. కొన్నిటి మీద పేర్లూ పూలూ తాజాగా ఉంటాయి. వాటి మీద అడుగు వెయ్యకండి. సంచీ ఆనించకండి, స్టాండు కాళ్లు పెట్టకండి. ఎవరైనా తమవాళ్ల సమాధి దగ్గర నిలబడి ఉంటే, వాళ్లు వెళ్లేదాకా ఆగండి. వేల్స్‌లో, ఇంగ్లండ్‌లో చాలా సిలువలు ఇప్పటికీ ప్రార్థనలు జరిగే చర్చిల ఆవరణల్లో ఉన్నాయి. అక్కడికి ఆదివారం ఉదయం ఆరాధన వేళ కాకుండా వెళ్లండి. టార్చీలు, స్టాండ్లతో పని ఉంటే చర్చి వాళ్లని ముందే అడగండి. ఇప్పటిదాకా నన్ను కాదన్నవాళ్లు లేరు.

4. దగ్గరికి పరుగెత్తకండి, ముందు దూరం నుంచి చూడండి

పది అడుగుల దూరంలో ఆగి, రాతి అంగాలు గుర్తుపట్టండి. కింద పీఠం, దాని మీద కాండం, కాండం పైన అడ్డచేతులు, చేతుల్నీ కాండాన్నీ కలుపుతూ ఒక రాతి వలయం, అన్నిటికన్నా పైన ఒక శిఖరపు రాయి. మురెదాక్ సిలువకి ఆ శిఖరం పెంకుల కప్పున్న చిన్న ఇల్లులా ఉంటుంది. ఇసుకరాయి అయినా అంత బలంగా నిలిచింది. బరువైన చేతులు విరగకుండా ఆ వలయమే కాపాడుతుందని కొందరు, అది విజయమాలకో తేజోవలయానికో గుర్తని కొందరు అంటారు. నాకైతే రెండూ నిజమే అనిపిస్తుంది.

ఇదే సమయంలో ఏది పాతది, ఏది తరువాత అతికించింది అని చూడండి. రంగు మారిందా, గీత హఠాత్తుగా ఆగిపోయిందా, సిమెంటు చారలున్నాయా. స్కాట్లండ్‌లోని రుత్‌వెల్ సిలువను విగ్రహారాధన గుర్తుగా భావించి 1642లో పగలగొట్టారు. హెన్రీ డంకన్ అనే అక్కడి పాస్టర్ దొరికిన ముక్కలు ఏరి, 1823లో మళ్లీ నిలబెట్టాడు. ఇవాళ దానికున్న అడ్డచేతులు ఆయన చేయించినవే, 8వ శతాబ్దానివి కావు. ఆ సంగతి తెలియకపోతే వాటి మీది బొమ్మలకు కూడా పాత అర్థాలు వెతుక్కుంటాం.

5. కింది గడి నుంచి పైకి చదవండి

మన ఊళ్లలో వీరగల్లు చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. వీరగల్లులో కింది గడిలో యుద్ధం, దాని పైన అప్సరసలు వీరుణ్ణి తీసుకుపోవడం, అన్నిటికన్నా పైన శివలింగం దగ్గర అతను. కథ కింద మొదలై పైకి ఎక్కుతుంది. మురెదాక్ సిలువ తూర్పు ముఖం కూడా అచ్చం అలాగే ఎక్కుతుంది.

అట్టడుగు గడిలో ఒకవైపు చెట్టు కింద ఆదాము, హవ్వ. పక్కనే కయీను తమ్ముడు హేబెలును చంపుతున్నాడు. తొలి పాపం, తొలి హత్య ఒకే గడిలో. చెట్టు కొమ్మలు వాళ్ల తలల మీదికి ఎలా వంగాయో చూడండి. దాని పైగడిలో కుర్ర దావీదు, అతను కూల్చిన మహాకాయుడు గొల్యాతు. గొల్యాతు కూలిపోతున్నాడు. ఇంకా పైన మోషే బండను కొడుతుంటే దాహంతో ఉన్న జనం బారులు తీరి కూర్చున్నారు. ఆ పైన బాలయేసును చూడవచ్చిన తూర్పు దేశపు జ్ఞానులు.

ఆ నాలుగు మెట్లూ ఎక్కాక వలయం మధ్యలోకి చేరతారు. అక్కడ కడపటి తీర్పు, అంటే లోకాంతంలో మనుషులందరికీ జరిగే తీర్పు. మధ్యలో క్రీస్తు. ఆయన కాళ్ల కింద ఒక తక్కెడ. దాంట్లో మిఖాయేలు దూత ఆత్మను తూస్తుంటే, కిందనుంచి సైతాను ఒక పళ్లేన్ని కిందికి లాగాలని చూస్తున్నాడు. ఈ ఒక్క దృశ్యం కోసమైనా బైనాక్యులర్స్ తీసుకెళ్లండి. మీ ఎడమచేతి వైపు, అంటే క్రీస్తుకు కుడివైపు, దావీదు వీణ పట్టుకుని, రక్షణ పొందినవాళ్లతో ఉన్నాడు. మీ కుడిచేతి వైపు ఉన్నవాళ్లు క్రీస్తుకు వీపు తిప్పారు. త్రిశూలంలాంటిది పట్టుకున్న దయ్యం వాళ్లని తోలుకుపోతోంది. వాళ్ల ముఖాలు చూడకపోయినా చాలు, వాళ్లు ఏ వైపు తిరిగారో చూడండి. ఎటువాళ్లో వెంటనే తెలిసిపోతుంది. వెయ్యేళ్ల కిందట చదువు రాని రైతు కూడా ఆ తేడాను ఒక్క చూపులో గ్రహించి ఉంటాడు. ఈ సిలువలకు అప్పట్లో రంగులు కూడా ఉండి ఉంటాయని చాలామంది పండితుల అభిప్రాయం. ఎరుపు, పసుపు పూసిన ఆ తక్కెడను ఒకసారి ఊహించుకోండి.

ఇప్పుడు చుట్టూ తిరిగి పడమర ముఖానికి రండి. ఇక్కడ యేసు కథ. కింద ఆయన్ని పట్టుకున్న సైనికులు, వాళ్ల చేతుల్లో కత్తులు. పైన, యేసు మళ్లీ బతికి లేచాడంటే సందేహించిన శిష్యుడు తోమా. ఆ పైన క్రీస్తు ఒకవైపు పేతురుకు తాళంచెవులు, మరోవైపు పౌలుకు గ్రంథం ఇస్తున్నాడు. వలయం మధ్యలో సిలువ మరణం, రెండువైపులా ఈటె పట్టినవాడూ స్పంజి పట్టినవాడూ. ఇప్పుడు తూర్పు ముఖాన్ని, పడమర ముఖాన్ని మనసులో వీపులు ఆనించి నిలబెట్టండి. ఈ వైపు మరణం, ఆ వైపు తీర్పు. రాతి మందం ఒక్కటే వాటి మధ్య దూరం. ఇది అనుకోకుండా జరిగింది కాదు.

ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రతి బొమ్మా బైబిల్లోదే అయి ఉండాలని లేదు. ఇంగ్లండ్‌లో కంబ్రియాలోని గోస్ఫర్త్ చర్చి ఆవరణలో 10వ శతాబ్దపు సన్నటి సిలువ ఉంది. ఎత్తు 4.4 మీటర్లు. దాని మీద కట్టేసి ఉన్న లోకి, విషం మీద పడకుండా గిన్నె పట్టుకున్న అతని భార్య సిగిన్ ఉన్నారు. అది వైకింగుల పురాణ కథ, క్రీస్తు సిలువ మీద చెక్కి ఉంది. బొమ్మ అర్థం కాకపోతే దగ్గరగా ఉన్న బైబిల్ కథకు బలవంతంగా అతికించకండి. "ఇద్దరు మనుషులు, ఒకరి చేతిలో గిన్నె" అని కనపడినంత మాత్రమే రాసుకోండి.

6. పక్కలు, కింది భాగాలు మరిచిపోకండి

అందరూ ముందూ వెనకా చూసి వెళ్లిపోతారు. ఇరుకు పక్కల మీద అల్లికలు, తీగలు, ఇంకొన్ని బొమ్మలు ఉంటాయి. ఉత్తరం వైపు చేతి కింద నిలబడి తల ఎత్తి పైకి చూడండి. ఒక అరచెయ్యి, వేళ్లు చాచి ఉంటుంది. దేవుని కుడిచెయ్యి అంటారు దాన్ని. ఉత్తరం పక్కకి వేసవి ఉదయాల్లో, సాయంత్రాల్లో తప్ప ఎండ రాదు. కాబట్టి ఇక్కడ టార్చి కావాలి. టార్చిని రాతికి ఎదురుగా కాదు, రాతి పక్కనుంచి, దాదాపు ఉపరితలానికి సమంగా పట్టుకోండి. పగటి వెలుగు ఎక్కువగా ఉంటే ఇంకొకరిని గొడుగుతో నీడ పట్టమనండి. టార్చిని నెమ్మదిగా ఒక అర్ధవృత్తంలో తిప్పుతూ ఉంటే, ఒక్కో కోణంలో ఒక్కో గీత బయటపడుతుంది.

7. అల్లికను ముగ్గులా గీయండి

మెలికల ముగ్గు వేసే చేయి ఉన్నవాళ్లకి ఇది చాలా సులువు, చాలా ఆనందం కూడా. ఈ సిలువల మీది అల్లికలను శిల్పులు చుక్కల వరస ఆధారంగానే గీసేవారని పండితులు అంటారు. నోటుబుక్కులో చుక్కలు పెట్టండి. ఒక తాడును ఎంచుకుని, అది ఎక్కడ మలుపు తిరిగిందో చూస్తూ చుక్కల మధ్య గీయండి. తాడు ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి పోతుంది. ఈ వరస తప్పకూడదు. తప్పినచోట మళ్లీ రాయి చూడండి. తప్పు మీదా, శిల్పిదా, లేక అక్కడ రాయి అరిగిందా అన్నది అప్పుడు తేలుతుంది. మొత్తం ఎన్ని తాళ్లు ఉన్నాయి, అన్నీ కలిసి ఒకటే తాడా అని చూడండి.

ఇది నేర్చుకోవడానికి నాకు తెలిసిన అన్నిటికన్నా మంచి చోటు పశ్చిమ వేల్స్‌లో పెంబ్రోక్‌షైర్‌లోని నెవర్న్. వెల్ష్‌లో నన్‌హీవర్ అంటారు. సెయింట్ బ్రినాక్ చర్చి ఆవరణలో సుమారు 4 మీటర్ల సిలువ ఉంది, 10 లేదా 11వ శతాబ్దానిది. మనుషుల బొమ్మలే లేవు. అంతా అల్లికలు, మెట్ల గీతలు, గడి గడికీ ఒక కొత్త నమూనా. ఏటా ఏప్రిల్ 7న, బ్రినాక్ పండుగ రోజున, ఆ ఏడాది మొదటి కోకిల ఈ సిలువ మీద వాలి కూస్తుందని ఊళ్లో ఒక కథ. మన ఉగాది రోజులకు దగ్గరగా వచ్చే ఆ కోకిల కథ మొదటిసారి విన్నప్పుడు నాకు మా ఊరి మామిడితోట గుర్తొచ్చింది.

8. అక్షరాల దగ్గర ఆగండి

మురెదాక్ సిలువ పడమర ముఖం కాండం అడుగున రెండు పిల్లులు చెక్కి ఉంటాయి. చాలామంది ఆ పిల్లుల్ని చూసి నవ్వుకుని వెళ్తారు. వాటి దగ్గర చుట్టూ ఉన్న అక్షరాలు చూడండి. పాత ఐరిష్ భాషలో ఉంది: "ఓర్ దో మురెదాక్ లస్‌న్‌దెర్నద్ ఇన్ క్రోస్". ఈ సిలువ చేయించిన మురెదాక్ కోసం ఒక ప్రార్థన అని అర్థం. మొదటి "ఓర్" అన్నది ప్రార్థన అనే మాటకు కుదింపు. ఈ మఠానికి ఆ పేరుతో ఇద్దరు అధిపతులున్నారు. ఒకరు 844లో, మరొకరు 923 ప్రాంతంలో మరణించారు. శిల్పం తీరు చూసి రెండో ఆయనే అని ఎక్కువమంది అంటారు.

ఈ "ఓర్ దో" అన్న రెండు మాటలు పట్టుకుంటే చాలు. ఐర్లాండ్‌లో వందలాది రాళ్ల మీద శాసనం ఇలాగే మొదలవుతుంది. క్లాన్‌మక్‌నోయిజ్ అనే మరో పాత ఐరిష్ మఠంలోని లేఖనాల సిలువ మీద కూడా ఇలాగే, 916లో మరణించిన ఫ్లాన్ రాజు కోసం, సిలువ చేయించిన కొల్మాన్ కోసం ప్రార్థన అడుగుతారు. మన శాసనాలు "స్వస్తి శ్రీ" తో మొదలయ్యాయని తెలిస్తే తరువాతిది ఊహించగలం కదా, అదే పద్ధతి ఇక్కడా.

నకలు రాసేటప్పుడు ఒక్కటే నియమం. కనపడింది మాత్రమే రాయండి. కనపడని అక్షరానికి చుక్క పెట్టండి. అనుమానం ఉన్నదాని కింద గీత గీయండి. మీకు తెలిసిన మాటలా తోస్తోంది కదా అని నింపెయ్యకండి. దక్షిణ వేల్స్‌లో లాంట్‌విట్ మేజర్ అనే ఊళ్లో, సెయింట్ ఇల్టుడ్ చర్చిలో, 9వ శతాబ్దపు హౌవెల్త్ సిలువ ఉంది. తండ్రి రెస్ ఆత్మ కోసం హౌవెల్త్ అనే అతను చేయించాడు. దాని లాటిన్ వాక్యం మొదటి మాటే తలకిందులు. "ఇన్" అని ఉండాల్సినచోట "ని" అని ఉంది. తరువాత "పవిత్రాత్మ" అన్న మాటకు కూడా చెక్కినవాడి చెవికి తోచిన వర్ణక్రమమే ఉంది. "తప్పు కదా" అని సరిచేసి రాస్తే, 9వ శతాబ్దంలో ఆ వేల్స్ మనిషి లాటిన్‌ను ఎలా పలికేవాడో తెలిపే ఒక ఆధారాన్ని మనం తుడిచేసినట్టే. మన శాసనాల్లోనూ "సంవత్సరం" రకరకాలుగా ఉంటుంది. పండితులు దాన్ని అలాగే అచ్చు వేస్తారు.

నెవర్న్‌లోనే ఇంకో రకం రాత ఉంది, ఓగమ్. రాతి అంచును గీతగా తీసుకుని, దానికి అటూ ఇటూ, అడ్డంగా ఒకటి నుంచి ఐదు దాకా గాట్లు పెడతారు. కింద ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి పైకి చదవాలి. చర్చి బయట నిలబడ్డ ఒక రాయి మీద లాటిన్ అక్షరాల్లో "విటాలియాని ఎమెరెతో" అని, అంచు మీద ఓగమ్‌లో అదే "విటాలియాని" అని ఉంది. చర్చి లోపల ఒక కిటికీ గడపరాయిగా వాడేసిన ఇంకో రాయి మీద మాగ్లోకునుస్ పేరు, తండ్రి పేరు రెండు లిపుల్లోనూ ఉన్నాయి. లాటిన్‌లో కొడుకుకు "ఫిలి", ఓగమ్‌లో "మక్వి". గాట్లు లెక్కపెట్టడం నేర్చుకోవాలంటే ఈ రెండు రాళ్లనూ మించిన గురువు లేదు, జవాబు పక్కనే రాసి ఉంటుంది. ఇవి 5, 6 శతాబ్దాల రాళ్లు. కడప జిల్లా కలమళ్లలో మన తొలి తెలుగు శాసనం సుమారు 575లో చెక్కినదే. రెండు దేశాల్లోనూ దాదాపు ఒకే కాలంలో, ఊరి మాటను రాతి మీద పెట్టాలని ఎవరికో అనిపించింది.

9. చెయ్యకూడనివి, ఎందుకు చెయ్యకూడదో

సుద్దతో అక్షరాలు దిద్దకండి. పాత పుస్తకాల్లో ఈ పని చేసినవాళ్ల ఫొటోలుంటాయి, కానీ సుద్ద ఇసుకరాయి రంధ్రాల్లోకి వెళ్తుంది, పైగా దిద్దినవాడి ఊహే తరువాతివాళ్లకు అక్షరంలా కనపడుతుంది. నీళ్లు చల్లకండి, తడి మంచుగా మారితే రాతి పొర లేస్తుంది. కాగితం పెట్టి మైనంతో రుద్దకండి. ఒక్కసారి రుద్దితే ఏమవుతుందని అనిపిస్తుంది గానీ, వెయ్యేళ్లు వానకి నిలిచిన ఇసుక రేణువులు ఆ రుద్దుడుకి రాలతాయి.

రాతి మీది తెల్లటి, పసుపు, బూడిద రంగు మచ్చలు గోకకండి. అవి లైకెన్లు. మన బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా ఈ జాతిదే. చాలా నెమ్మదిగా పెరుగుతాయి, రాతికి అతుక్కుని ఉంటాయి. గోకితే రాతి పై పొర కూడా దాంతో వచ్చేస్తుంది. పిల్లల్ని పీఠం ఎక్కనివ్వకండి. ఐర్లాండ్‌లో ఇలాంటిచోట్ల అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ వాడటం నేరం కూడా.

ముట్టుకోవాలనే కోరిక బలంగా ఉంటే క్లాన్‌మక్‌నోయిజ్ వెళ్లండి. అక్కడ అసలు సిలువల్ని వాన నుంచి కాపాడటానికి లోపలికి మార్చి, బయట వాటి స్థానంలో నకళ్లు నిలబెట్టారు. బయటివాటి దగ్గర తాకి చూడవచ్చు, లోపల ఉన్నవాటిని మాత్రం చూపుతోనే.

10. ఫొటోలు ఎలా తీయాలి

ముందు మొత్తం సిలువ నాలుగు వైపుల నుంచి. తరువాత ఒక్కో గడి, కెమెరా రాతికి సూటిగా. ఒక్కో గడికీ కనీసం నాలుగు ఫొటోలు, టార్చి ఎడమనుంచి, కుడినుంచి, పైనుంచి, కిందనుంచి. ఫోను కదలకుండా స్టాండు మీద ఉండాలి, టార్చి ఒక్కటే కదలాలి. ఇంటికెళ్లి ఈ నాలుగూ ఒకదాని తరువాత ఒకటి తిప్పి చూస్తే, అక్కడ నిలబడి చూడలేనివి కూడా కనపడతాయి.

మబ్బు రోజు ఎందుకు మంచిదో ఇప్పుడు చెప్తాను. ఫొటోలతో త్రీడీ నమూనా చేయాలంటే నీడల్లేని సమాన వెలుతురు కావాలి. సిలువ చుట్టూ నెమ్మదిగా నడుస్తూ, ఒక్కో ఫొటోలో ముందు ఫొటోలోని సగానికి పైగా భాగం మళ్లీ వచ్చేలా తీయండి. కంటి ఎత్తులో ఒక చుట్టు, కిందనుంచి ఒక చుట్టు, చేతులు పైకెత్తి ఒక చుట్టు. వంద దాకా ఫొటోలైనా ఫరవాలేదు. స్కేలును రాతి మీద కాదు, పక్కన నేల మీద పెట్టండి. వీటిని త్రీడీగా మార్చే ఉచిత ప్రోగ్రాములు దొరుకుతాయి. నమూనా తయారయ్యాక, కంప్యూటర్లో ఎండను మీ ఇష్టం వచ్చిన కోణం నుంచి వేసుకోవచ్చు. రాతి మీద చెయ్యి వేయకుండానే.

విదేశం వెళ్లే వీలు లేనివాళ్లకి ఒక మాట. చెన్నై పరంగిమలై మీది చర్చిలో, పాత పర్షియా లిపి అయిన పహ్లవీలో శాసనం ఉన్న పాత రాతి సిలువ ఒకటుంది. 1547లో పోర్చుగీసువాళ్లు చర్చి పునాది తవ్వుతుంటే బయటపడింది. దాని చుట్టూ ఉన్న అక్షరాల్ని ఎలా చదవాలో పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. అది ప్రార్థనా స్థలం కాబట్టి టార్చీలు వద్దు, కానీ 4, 5, 8 అంచెల్లో చెప్పినవన్నీ అక్కడ చక్కగా పనిచేస్తాయి.

11. ఆ రాత్రే రాసేయండి

ఇంటికి రాగానే నోటుబుక్కు తెరవండి. తేదీ, సమయం, వాతావరణం, వెలుతురు ఏ వైపునుంచి పడింది, ఏ గడి ముందు నిలబడ్డారు, ఏం కనపడింది, ఏం కనపడలేదు. ఇంటర్నెట్‌లో ఉన్న పాత ఫొటోలతో మీవి పోల్చండి. కొత్త పగులు, ఊడిన పెళ్ల, ఎవరో గీసిన గీత కనపడితే ఫొటోతో సహా తెలియజేయండి. ఐర్లాండ్‌లో నేషనల్ మాన్యుమెంట్స్ సర్వీస్, వేల్స్‌లో కాడూ (Cadw) అనే సంస్థ, స్కాట్లండ్‌లో హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లండ్, ఇంగ్లండ్‌లో హిస్టారిక్ ఇంగ్లండ్ ఈ పని చూస్తాయి. మీకు చిన్నదిగా అనిపించినదే చెప్పండి, పెద్దది అయ్యాక ఎలాగూ అందరికీ కనపడుతుంది.

ఈ రాతపని ఎందుకని అడిగేవాళ్లకి నేను లాంగోలెన్ దగ్గరి ఎలిసెగ్ స్తంభం గురించి చెప్తాను. ఉత్తర వేల్స్‌లో 9వ శతాబ్దంలో కొంకెన్ అనే రాజు తన ముత్తాత ఎలిసెగ్ పేరిట నిలబెట్టిన సిలువ అది. 17వ శతాబ్దపు అంతర్యుద్ధంలో పడగొట్టారు. 1696లో ఎడ్వర్డ్ లూయిడ్ అనే పండితుడు ఆ ముక్కల దగ్గరికి వెళ్లి, కనపడిన ప్రతి అక్షరాన్నీ వరస వరసగా నకలు రాసుకున్నాడు. 1779లో మిగిలిన స్తంభాన్ని మళ్లీ నిలబెట్టారు. ఇవాళ దాని మీద దాదాపు ఏమీ చదవలేం. కొంకెన్ ఎవరి కొడుకో, ఎలిసెగ్ ఏం చేశాడో, అక్షరాలు రాసిన మనిషి పేరు కొన్‌మార్క్ అని, అంతా మనకు లూయిడ్ నకలు వల్లనే తెలుసు. ఆ రాతి మీద ఒక వాక్యం ఉండేది. చేత్తో రాసిన ఈ రాతిని చదివినవాడెవడైనా ఎలిసెగ్ ఆత్మకు ఒక దీవెన ఇవ్వాలని. రాతి మీద ఆ వాక్యం అరిగిపోయింది. లూయిడ్ కాగితం మీద అది ఇంకా అడుగుతూనే ఉంది.